అక్క ఓటు, నా వేలు

అక్క నా చెవిలో చెప్పిన పేరు దగ్గర నా వేలు ఒక్క క్షణం ఆగింది. ఇన్నేళ్లయినా ఆ క్షణం నన్ను వదల్లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మా అక్కకి చూపు లేదు. పుట్టుకతో పోయింది కాదు, పదిహేనో ఏట మసకబారడం మొదలై ఇరవై రెండేళ్లకి పూర్తిగా పోయింది. మొదట్లో ఓటు వేయడానికి నాన్న తోడు వెళ్లేవారు. ఆయనకి ఓపిక తగ్గాక ఆ పని నాకు వచ్చింది. పోలింగ్ కేంద్రంలో ఒక ఫారం ఇచ్చారు. ఈ ఓటు ఎవరికి పడిందో బయటపెట్టనని, ఈరోజు ఇంకెవరికీ తోడుగా రాలేదని సంతకం పెట్టాను. ఇద్దరం అట్ట అడ్డం పెట్టిన బల్ల దగ్గరికి వెళ్లాం. అక్క నా భుజం పట్టుకుని, తనకి చేతనైనంత మెల్లగా పేరు చెప్పింది. కానీ పక్కన ఎంత దూరంలో ఎవరున్నారో తెలియని మనిషి ఎంత మెల్లగా మాట్లాడితే సరిపోతుందో ఎలా తెలుస్తుంది? ఏజెంట్లలో ఒకాయన తల తిప్పి మావైపు చూశాడు. అక్కకి అది తెలీదు, నాకు తెలుసు.

అక్క చెప్పిన అభ్యర్థి నాకు అస్సలు గిట్టని మనిషి. వారం రోజులుగా ఇంట్లో ఆ విషయం మీదే వాదించుకున్నాం. వేలు ఆగింది అందుకే. ఆ తర్వాత అక్క చెప్పిన చోటే నొక్కాను.

బయటికి వచ్చాక మెట్లు దిగుతూ అడిగింది, "నేను చెప్పిందే నొక్కావు కదరా?" అని.

"నువ్వు చెప్పిందే నొక్కానక్కా."

"సరేలే."

నేను చెప్పింది నిజమే. కానీ అబద్ధం చెప్పి ఉన్నా అక్కకి వినపడేది అదే మాట, అదే గొంతుతో. తన ఓటు పడిందనడానికి నా మాట తప్ప ఇంకే ఆధారమూ అక్క చేతిలో లేదు. నా ఓటుకి అలాంటి షరతు ఎవరూ పెట్టలేదు. ఎవరి మంచితనం మీదా ఆధారపడకుండా వెళ్లి, వేసి, వచ్చేస్తాను.

ఇలా అన్నప్పుడల్లా నాకు వచ్చే జవాబు ఒకటే: "సాయం చేస్తున్నారు కదా, ఇంకేం కావాలి?" సాయం వద్దని కాదు. సాయం దొరికింది కాబట్టి హక్కు దక్కినట్టే అనుకోవడంతోనే నాకు పేచీ.

రహస్య బ్యాలెట్ అనేది ఎందుకు పుట్టిందో ఒకసారి గుర్తుచేసుకుందాం. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1856లో, బ్రిటన్‌లో 1872లో అది చట్టమైంది. అంతకుముందు బ్రిటన్‌లో ఓటరు నలుగురి ముందూ నిలబడి ఎవరికి వేస్తున్నాడో పైకి చెప్పాలి. భూస్వామి చూస్తుంటాడు, పని ఇచ్చేవాడు చూస్తుంటాడు. కౌలు పోతుందనీ, పని పోతుందనీ భయం. ఆ చూపుల నుంచి ఓటరుని తప్పించడానికే తెర కట్టారు. అయితే అదే 1872 చట్టం అంధుల విషయానికి వచ్చేసరికి ఏం చెప్పిందంటే, ప్రిసైడింగ్ ఆఫీసరు అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట ఆ ఓటరు చెప్పిన ప్రకారం ఓటు గుర్తు పెట్టించాలి అని. అంటే అందరికీ తెర వేసిన రోజునే చూపులేనివాళ్లని తెరకి ఇవతల నిలబెట్టారు. చెడు ఉద్దేశంతో చేసి ఉంటారని నేను అనుకోను, వాళ్లకి అప్పుడు తోచిన సాయం అది. కానీ ఆ తోచిన సాయమే నూట యాభై ఏళ్లుగా రకరకాల వేషాల్లో కొనసాగుతోంది.

ఇంకో సంగతి. చూపున్నవాడికి ఓటు దాచుకోవాల్సింది భూస్వామి నుంచో యజమాని నుంచో అయితే, రోజూ ఒకరి సాయంతో బతికే మనిషికి దాచుకోవాల్సిన అవసరం వచ్చేది ఇంట్లోవాళ్ల నుంచే. స్నానం చేయించే కోడలు, మందులు ఇచ్చే కొడుకు, హాస్టల్ వార్డెన్, బండి మీద పోలింగ్‌కి తీసుకెళ్లే తమ్ముడు. వీళ్లందరూ మంచివాళ్లే అయి ఉండొచ్చు. కానీ రేపు కూడా వీళ్ల మీదే ఆధారపడాలి కదా, ఇష్టంలేని పేరు చెప్పి ఇంట్లో మాట పడటం ఎందుకని నోటిదాకా వచ్చిన పేరు మింగేసి ఇంకో పేరు చెప్పిన వాళ్లు ఎంతమంది ఉంటారో ఏ లెక్కా చెప్పదు. ఎవరూ బెదిరించరు, ఎవరూ డబ్బివ్వరు, ఏ కేసూ పెట్టడానికి ఉండదు. ఓటు మాత్రం మారిపోతుంది.

చట్టాలు ఈ విషయంలో కొంత నేర్చుకున్నాయి. అమెరికాలో 1982లో ఓటు హక్కు చట్టానికి చేర్చిన 208వ సెక్షన్ ప్రకారం తోడు ఎవరో ఓటరే ఎంచుకోవచ్చు, కాకపోతే పని ఇచ్చే యజమాని గానీ అతని తరఫు మనిషి గానీ, యూనియన్ తరఫు మనిషి గానీ కాకూడదు. భారత్‌లో ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 49ఎన్ ప్రకారం తోడు వచ్చేవారికి 18 ఏళ్లు నిండాలి, ఒక మనిషి ఆ రోజు ఒక్కరికే తోడు వెళ్లాలి. ఇది నిజంగా తెలివైన నియమం, లేకపోతే ఒకే మనిషి వరసపెట్టి ఇరవై మంది తరఫున నొక్కుకుంటూ పోగలడు. 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం ఇంకా ముందుకెళ్లింది. అందులో 29వ అధికరణ మొదట రహస్య బ్యాలెట్ ద్వారా ఓటు వేసే హక్కు గురించి చెప్పి, ఆ తర్వాతే, అవసరమైనచోట, ఓటరు కోరితే, తను ఎంచుకున్న మనిషి సాయం తీసుకోవచ్చని అంటుంది. ఆ వరుస నాకు చాలా ముఖ్యం. మనం దాన్ని తిరగేసి చదువుతున్నాం: ముందు తోడు, వీలైతే రహస్యం.

మరి రహస్యంగా వేసే దారులు లేవా అంటే, ఉన్నాయి. ఏళ్ల తరబడి ఉన్నాయి. బ్రిటన్‌లో ఒక ప్లాస్టిక్ పట్టీ వాడేవారు. బ్యాలెట్ పేపరు మీద అంటిస్తే ఒక్కో అభ్యర్థికి ఎదురుగా ఒక చిన్న మూత వస్తుంది, మూత మీద ఉబ్బెత్తుగా అంకె ఉంటుంది, వేలితో తడిమి మూత ఎత్తి గుర్తు పెట్టాలి. వినడానికి బాగానే ఉంది. కానీ మూడో మూత కింద ఉన్నది ఎవరి పేరో ఆ పట్టీ చెప్పదు. ఎవరో ఒకరు చదివి వినిపించాలి, వరుస మొత్తం బుర్రలో పెట్టుకోవాలి. చూపులేని ఒక ఓటరు దీని మీద కోర్టుకి వెళ్లారు. 2019 మేలో హైకోర్టు జడ్జి అన్నమాట ఏమిటంటే, ఎవరికి వేస్తున్నదీ తెలుసుకునే వీలు లేకుండా బ్యాలెట్ మీద గుర్తు పెట్టించడం ఎన్నికల ప్రక్రియని అపహాస్యం చేయడమే అని. 2022లో చట్టం మార్చి, ఆ ఒక్క పట్టీ ఉంటే చాలన్న పద్ధతి తీసేసి, స్వతంత్రంగా ఓటు వేయడానికి తగిన పరికరాలు ఏవైనా సమకూర్చాలన్నారు. ఐర్లండ్‌లోనూ ఇలాగే ఒక ఓటరు కోర్టుకెక్కి 2017లో గెలిచాకే, 2018 రెఫరెండంలో (ఒక విషయం మీద ప్రజలందరి ఓటు అడగడం) తడిమి ఓటు వేసే అట్ట వచ్చింది. ప్రతిచోటా ఎవరో ఒక మనిషి విసిగిపోయి కోర్టు మెట్లెక్కితే గానీ కదలిక రాకపోవడం నాకు బాధగా ఉంటుంది.

భారత్‌లో ఓటింగ్ మెషీన్ మీద బ్రెయిలీ అంకెల్ని మొదట ప్రయోగించి చూసింది హైదరాబాద్‌లోని ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో, 2004లో. 2009 లోక్‌సభ ఎన్నికల నాటికి అన్ని మెషీన్లకీ వచ్చాయి. ఇది మంచి పని, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ బ్రెయిలీ రానివాళ్ల సంగతేంటి? షుగర్ వల్లో గ్లకోమా వల్లో యాభై, అరవై ఏళ్లకి చూపు పోయినవాళ్లలో చాలామంది బ్రెయిలీ జోలికే వెళ్లరు, ఆ వయసులో వేలి కొసలకి ఆ చుక్కలు పట్టుబడటం మామూలు కష్టం కాదు. మా అక్కకి ఇరవై నాలుగేళ్లకే రెండేళ్లు పట్టింది. వాళ్లకి కావాల్సింది వినపడే బ్యాలెట్.

అదీ ఉంది. అమెరికాలో 2002 చట్టం ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ వికలాంగులు ఎవరి సాయమూ లేకుండా రహస్యంగా ఓటు వేయగలిగే మెషీన్ ఒక్కటైనా ఉండాలంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పేర్లు చదువుతుంది, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, చేతులు కదపలేనివాళ్లు నోటితో గాలి పీల్చి వదిలి ఎంచుకునే ఏర్పాటు కూడా కొన్నిట్లో ఉంటుంది. చట్టం వచ్చింది, డబ్బిచ్చారు, మెషీన్లు వచ్చాయి. 2016 ఎన్నికల సమయంలో అక్కడి గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ (ప్రభుత్వ పనితీరుని తనిఖీ చేసే సంస్థ) వాళ్లు 178 పోలింగ్ కేంద్రాలకి వెళ్లి చూస్తే 107 చోట్ల లోపలికి వెళ్లే దారిలోనే ఏదో ఒక అడ్డంకి కనిపించింది. లోపల ఓటు వేసే చోటు పూర్తిగా పరిశీలించగలిగిన 137 కేంద్రాల్లో 89 చోట్ల ఆ ప్రత్యేక మెషీన్ విషయంలోనే లోపం. కొన్నిచోట్ల స్విచ్చే వేయలేదు, కొన్నిచోట్ల హెడ్‌ఫోన్స్ లేవు, కొన్నిచోట్ల వెనక నిలబడినవాళ్లకి స్క్రీన్ కనిపించేలా పెట్టారు.

స్విచ్ వేయని మెషీన్ ముందు నిలబడిన మనిషిని ఒకసారి ఊహించండి. "కొంచెం ఆగండి, ఎవరికైనా తెలుసేమో అడుగుతాం" అంటారు. వెనక లైను పెరుగుతుంటుంది, దగ్గులు వినపడుతుంటాయి, ఎవరో "పాపం, మీరు చెప్పండమ్మా, మేం నొక్కేస్తాం" అంటారు. పది నిమిషాలు అలా నిలబడ్డాక ఎంత పట్టుదల ఉన్నవాళ్లయినా సరే అనేస్తారు. ఆ తర్వాత ఆ మెషీన్ ఎవరూ వాడలేదని లెక్క రాసుకుంటారు, ఎవరూ వాడనిదానికి అంత ఖర్చెందుకని వచ్చే ఏడు ప్రశ్న వేస్తారు.

మెషీన్ సరిగ్గా పనిచేసినా ఇంకో చిక్కుంది, నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది ఇది. అందరూ చేత్తో గుర్తుపెట్టే పెద్ద కాగితం వాడి, చూపులేని ఒక్కరు మాత్రం మెషీన్‌లో వేస్తే, ఆ మెషీన్ అచ్చువేసే కాగితం కొన్నిచోట్ల ఆకారంలోనే వేరుగా ఉంటుంది. లెక్కపెట్టేటప్పుడు ఆ కేంద్రంలో అలాంటి కాగితం ఒక్కటే వస్తే? అది ఎవరిదో అక్కడున్న అందరికీ తెలిసిపోతుంది. మేరీలాండ్ రాష్ట్రంలో ఈ కారణంగానే మామూలు ఓటర్లలో కొందరిని కూడా ఆ మెషీన్ దగ్గరికి పంపించే పద్ధతి పెట్టారు, దాని మీద కూడా కోర్టు కేసు నడిచింది. నన్నడిగితే పరిష్కారం అందరికీ ఒకే మెషీన్ పెట్టడమే. వేరుగా పెట్టినదాన్ని ఎవరూ పట్టించుకోరు, అందరూ వాడేది పాడైతే అరగంటలో బాగుచేస్తారు.

ఫోన్‌లో ఓటు వేయడం గురించి విన్నారా? న్యూజిలాండ్‌లో 2014 నుంచి చూపులేనివాళ్లు ముందే నమోదు చేసుకుని, పేరు చెప్పకుండా ఒక నంబరుతో ఫోన్ చేసి ఓటు చెప్పొచ్చు. ఇవతల ఒకరు బ్యాలెట్ మీద గుర్తు పెడితే, సరిగ్గా పెట్టారో లేదో ఇంకొకరు చూస్తారు. ఓటు ఏమిటో వాళ్లకి తెలుసు, ఎవరిదో తెలియదు. ఇక్కడా నమ్మకమే కావాలి, కానీ ఆ నమ్మకం తెలియని మనుషుల మీద, వాళ్ల మీద కాపలా ఉన్న పద్ధతి మీద. తమ్ముడి మీద కాదు. అక్కకి ఈ సంగతి చదివి వినిపిస్తే వెంటనే "అది నయం" అంది. కొంచెం గుచ్చుకుంది, కానీ ఎందుకు నయమో నాకు తెలుసు.

ఇంటర్నెట్ ఓటు మాత్రం ఒక హెచ్చరిక. ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రం 2011లో ఐఓట్ అని మొదలుపెట్టింది, ముఖ్యంగా చూపులేనివాళ్ల కోసమే. 2021 స్థానిక ఎన్నికల్లో ఆ సిస్టమ్ తట్టుకోలేక మొరాయించింది, కొందరు ఓటు వేయలేకపోయారు, మరుసటి ఏడు కోర్టు మూడుచోట్ల ఫలితాల్నే రద్దు చేసింది. 2023 రాష్ట్ర ఎన్నికల్లో దాన్ని వాడలేదు. భద్రత గురించి మాట్లాడేవాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను, లెక్క తేడా వస్తే అక్క ఓటుతో పాటు నాదీ పోతుంది. కానీ ఏదైనా తీసేసేటప్పుడు దానిమీద ఆధారపడ్డవాళ్ల చేతిలో బదులు ఏం పెడుతున్నారో కూడా అదే రోజు చెప్పాలి.

ర్యాంపుల గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే అందులో వాదించాల్సింది ఏమీ లేదు. మూడు మెట్లున్న గది పోలింగ్ కేంద్రం కాకూడదు, అంతే. ఇంటి దగ్గరే ఓటు మాత్రం ఆలోచించాల్సిన విషయం. భారత్‌లో 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవాళ్లకీ, 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లకీ దేశమంతటా ఈ వీలు ఇచ్చారు. మంచం దిగలేని మనిషికి అది వరమే. కానీ సిబ్బంది ఇంటికొచ్చి కూర్చున్నప్పుడు హాల్లో కొడుకు, కోడలు, మనవలు అందరూ చుట్టూ ఉంటారు, అట్ట అడ్డం పెట్టినా ఆ గది ఆ మనిషిది కాదు. "ఇంటికే వస్తున్నాం కదా" అన్న మాట రేపు ర్యాంపు కట్టకపోవడానికి సాకు అవుతుందేమోనని కూడా నా భయం. లైనులో నిలబడాలని ఉంటుంది మనిషికి. పక్కింటివాళ్లు పలకరించాలనీ, తనూ ఓటేశానని నలుగురికీ కనపడాలనీ ఉంటుంది.

ఇంతవరకూ చెప్పింది ఓటు ఉన్నవాళ్ల గురించి. అసలు ఓటే తీసేసిన వాళ్ల మాటేమిటి?

జపాన్‌లో డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే, బుద్ధి ఎదుగుదల మీద ప్రభావం చూపే స్థితి) ఉన్న ఒకావిడ ఇరవై ఏళ్లు నిండినప్పటి నుంచీ ఓటు వేస్తూనే ఉన్నారు. ఆమె ఆస్తి విషయాల్లో ఎవరూ మోసం చేయకూడదని తండ్రి 2007లో చట్టప్రకారం సంరక్షకుడయ్యారు. దాంతో ఆమె ఓటు పోయింది. ఆ చట్టంలో అలా రాసి ఉంది, సంరక్షకుడి కింద ఉన్నవాళ్లకి ఓటు లేదని. కూతుర్ని కాపాడుకుందామని తండ్రి వేసిన అడుగే కూతురి ఓటు తీసేసింది. వాళ్లు కోర్టుకి వెళ్లారు, 2013 మార్చిలో టోక్యో జిల్లా కోర్టు ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమంది, మే నెలకల్లా పార్లమెంటు చట్టం మార్చింది, సుమారు 1,36,000 మందికి ఓటు తిరిగొచ్చింది. ఎంతమందో చూడండి, ఒక్క వాక్యం వల్ల.

ఇలాంటిదే హంగరీలో జరిగితే యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2010లో ఆ ఓటరు పక్షాన నిలిచింది, ఒక్కొక్క మనిషినీ చూడకుండా సంరక్షణలో ఉన్నారన్న ఒక్క కారణంతో అందరి ఓటూ తీసేయడం కుదరదంది. స్పెయిన్ 2018 డిసెంబరులో చట్టం మార్చి దాదాపు లక్షమందికి ఓటు తిరిగిచ్చింది. జర్మనీలో 2019లో రాజ్యాంగ న్యాయస్థానం 80 వేల మందికి పైగా ఉన్న నిషేధాన్ని కొట్టేసింది. అలాగని దారి నేరుగా సాగుతోందనుకోవద్దు. అదే యూరోపియన్ న్యాయస్థానం 2021లో స్పెయిన్, డెన్మార్క్ కేసుల్లో, కోర్టు విడివిడిగా పరిశీలించి ఓటు తీసేస్తే తప్పులేదన్నట్టు తీర్పులిచ్చింది. స్పెయిన్ కేసులో ఆ తీర్పు వచ్చేనాటికి స్పెయినే ఆ పద్ధతిని వదిలేసింది.

విడివిడిగా పరిశీలించడం న్యాయంగానే వినిపిస్తుంది, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ పరీక్ష పెట్టడమంటూ జరిగితే ఎవరికి పెడుతున్నాం? మనలో ఎవరినైనా పోలింగ్ గుమ్మం దగ్గర ఆపి, ఈ అభ్యర్థి ఏం చేస్తానన్నాడో చెప్పు అని అడిగారా ఎప్పుడైనా? కులం చూసి వేసేవాళ్లు, నాన్న వేశాడని వేసేవాళ్లు, మొహం బాగుందని వేసేవాళ్లు, కోపంతో వేసేవాళ్లు, అందరూ వేస్తున్నాం. వేయనివ్వాలి కూడా, ఓటు తెలివికి ఇచ్చే బహుమతి కాదు కాబట్టి. ఈ చట్టాలు ఎవరి జీవితాన్ని శాసిస్తాయో వాళ్లకి అందులో మాట ఉండాలి. పింఛను ఎంత, హాస్టల్ ఎలా ఉండాలి, సంరక్షకుడికి ఎంత అధికారం ఉండాలి అన్నవి అందరికంటే ఎక్కువగా తగిలేది ఈ మనుషులకే.

"వాళ్ల పేరుతో ఇంకెవరో ఓటు వేసేస్తారు" అని ఇంకో మాట. నిజమే, జరగొచ్చు. జరిగితే వేసినవాణ్ణి పట్టుకోండి. ఇంట్లో దొంగలు పడతారని ఇంటివాణ్ణే బయటికి గెంటితే ఎలా? కెనడాలో 1988లో కోర్టు మానసిక వైకల్యం మీద ఉన్న ఓటు నిషేధాన్ని కొట్టేసింది, బ్రిటన్ 2006 చట్టంతో అలాంటి పాత నియమాన్ని తీసేసింది. ఆ రెండు దేశాల్లోనూ దానివల్ల ఎన్నికలేమీ కూలిపోలేదు. భారత రాజ్యాంగం 326వ అధికరణలో మతిస్థిమితం లేదన్న కారణంతో ఓటు తీసేయొచ్చన్న మాట ఇంకా ఉంది. అయితే 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒకరికి మతిస్థిమితం లేదని చెప్పాల్సింది అధికారం ఉన్న కోర్టే. డాక్టరు చీటీ సరిపోదు, ఇంట్లోవాళ్ల అభిప్రాయం అసలే సరిపోదు. ఈ సంగతి పిల్లలకి పద్దెనిమిదేళ్లు నిండుతున్న తల్లిదండ్రులకి తెలియాలి. మా వాడికి ఓటెందుకులెండి అని దరఖాస్తే పెట్టనివాళ్లని నేను స్వయంగా చూశాను. ప్రేమగల తల్లిదండ్రులే వాళ్లు.

మొన్నటి ఎన్నికలకి అక్క ఒక్కతే లోపలికి వెళ్లింది. అభ్యర్థుల వరుస ముందే బ్రెయిలీలో చదువుకుంది. ప్రిసైడింగ్ ఆఫీసరు మంచివాడే, రెండుసార్లు అడిగాడు "తోడు వద్దామ్మా?" అని. వద్దంది. నేను గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపైందో తెలీదు, నాకైతే చాలాసేపు అనిపించింది, టెన్షన్‌తో చెమటలు పట్టాయి. బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది గానీ చాలాదూరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "లోపల ఎవరి ఊపిరీ వినపడలేదురా. ఎప్పుడూ పక్కన ఒకరి ఊపిరి ఉండేది కదా, అది లేకపోయేసరికి కాసేపు అలాగే నిలబడిపోయాను."

ఇంకొంచెం దూరం నడిచాక మళ్లీ అడిగింది. "మూడో అంకె అనుకునే నొక్కాను. అదే పడిందంటావా?"

నేను చూసి ఉంటే చెప్పేవాణ్ణి. చూసి ఉంటే అది మళ్లీ పాత కథే అయ్యేది. ఏం చెప్పాలో తెలియక, మెట్లొచ్చాయక్కా, చూసుకో అన్నాను.